గాలపుకఱ్ఱ వంపు

మనుష్యుడు తన చేతికొఱకు కల్పించుకొనిన పనిముట్లలో నధికభాగము వంగకుండుటకై పుట్టినవి. గడ్డపాఱ వంగినచో కమ్మరి కొలిమికి పోవును. రోకలి వంగినచో పొయ్యిలోనికి పోవును. నాగలిమేడి, గొడ్డలికామ, బండియిరుసు, ఇంటిదూలము, వీని గుణమంతయు వంగకపోవుటయందే యున్నది. వంగుటకై పుట్టినవి బహుస్వల్పము. వానిలో విల్లు మొదటిది. అది వంగి, తనలో దాచుకొనిన బలమునంతయు నొక్క క్షణమున బాణమున కిచ్చివేసి, మరల తన రూపమునకు వచ్చును. కావడిబద్ద రెండవది, మోయువాని యడుగు పడినప్పుడెల్ల దాని రెండు కొసలును క్రిందికి దిగి పైకి లేచుచు, భుజముపై నొక్కసారిగా పడవలసిన భారమును నడక పొడవునను పంచిపెట్టును. మూడవది గాలపుకఱ్ఱ. అది తన యావలి కొసను కంటికి కనబడని యొక ప్రాణి బలమునకు అప్పగించి, ఆ ప్రాణి లాగినంత వంగి, సడలినంత లేచి, నీటి యడుగున జరుగుచున్న దానినంతయు మనుష్యుని అఱచేతికి తెలుపుచుండును. ఈ మూడింటిలో నిదియే కఠినమైన నిర్మాణమని నా యభిప్రాయము. ఏలయన విలుకాడు తన భుజబలమును తానెఱుగును; కావడి మోయువాడు తన బరువును తానెఱుగును; గాలము వేయువాడు మాత్రము తన కఱ్ఱను వంచబోవు బలమెట్టిదో ముందుగా నెఱుగడు. ఎఱుగని బలమునకు తగినట్లు వంగు వస్తువును ముందుగనే సిద్ధపఱచి యుంచుట యీ విద్య.

దీనిని నేను భాగ్యనగరమందలి దిల్‌సుఖ్‌నగరులో నేర్చుకొంటిని. ఆ పేరు వినినంతనే తెలుగువారికి చదువుల బజారు జ్ఞప్తికి వచ్చును. మెట్రో స్తంభముల కిరుప్రక్కల అంతస్తుపై నంతస్తుగా శిక్షణాలయముల పేరుపలకలు. వాని వెనుకనున్న సందులలో వసతిగృహములు. నల్లగొండ, ఖమ్మము, మహబూబ్‌నగరు ప్రాంతములనుండి వచ్చిన బాలబాలికలు ఉద్యోగపరీక్షలకును కంప్యూటరు కొలువులకును అహోరాత్రములు శ్రమించుచుందురు. ఆ శ్రమపట్ల నాకు మిక్కిలి గౌరవము కలదు. ఆ యిఱుకుగదులలో నుండియే యెన్నో పల్లెటూరి కుటుంబములు ఒక్క తరములో నిలదొక్కుకొన్నవి. అయితే జీతము నీయని, ధ్రువపత్రము నీయని, పరీక్షయే లేని యొక చదువు కూడ అవే వీధులలో సాగుటకు వీలున్నదనియు, దానికి కావలసిన సామగ్రిలో సగముపాలు ఆ దుకాణములలోనే దొరకుననియు సరూర్‌నగరు చెఱువు సమీపమున నొక సందులో నివసించు పెద్దమనిషి నాకు చూపెను. ఆయన యౌవనమంతయు యంత్రశాలలో ఫిట్టరుగా గడపినవాడు. పదవీవిరమణానంతరము మేడపైని చిన్నగదిలో గాలపుకఱ్ఱలు కట్టుచు, వానిని ఎన్నడును అమ్మక, మిత్రుల కిచ్చుచుండును. నేనాయనను ‘అన్నా’ యని పిలుతును. ఆయన నన్ను ‘తమ్మీ’ యనును.

అంగడిలో గాలపుకఱ్ఱలు దొరకవా యన్నచో, కావలసినన్ని దొరకును. గొట్టములో గొట్టము దూరి, మూరెడు పొడవునకు కుంచించుకొని, సంచిలో పట్టు రకము చవుకగా వచ్చును. దానిని నేను నిందింపను. పిల్లవానికి మొదటి గాలము దానితోనే సిద్ధించిన సిద్ధింపవచ్చును. కాని యది ఎవని చేతిని చూచి చేసినది? లోకములోని చేతుల నన్నింటిని కూడి భాగించినచో వచ్చు సగటుచేతికొఱకు చేసినది. అట్టి చేయి గల మనుష్యుడు భూమిపై పుట్టియుండలేదు. అది ఏ చేపకొఱకు చేసినది? అన్ని చేపలకొఱకు, అనగా నే చేపకొఱకును గాదు. ఒక్క మనుష్యునికొఱకు, ఒక్క జాతి చేపకొఱకు, ఒక్క విధమైన నీటికొఱకు కఱ్ఱను కట్టవలెనన్న సంకల్పముతోనే యీ కళ యారంభమగుచున్నది.

కట్టువాడు మొదట సంపాదింపవలసినది పిడియు రింగులును లేని, మొదలు లావై కొన సన్నమైన యొక బోలు గొట్టము. దానిని బ్లాంకు అందురు. జిగురులో నానిన కార్బను నారల పల్చని గుడ్డను కొలతప్రకారము కత్తిరించి, క్రమముగా సన్నగిల్లు ఉక్కుకడ్డీ చుట్టును చుట్టి, పైని పట్టీ బిగించి, వేడిగదిలో కాల్చి, కడ్డీని వెలికి లాగగా మిగులునది బ్లాంకు. గుడ్డ యంచులు ఎక్కడనో యొకచోట ఒకదానిపై నొకటి పడక తప్పదు గావున, చూపునకు పరిపూర్ణవర్తులముగా దోచు నా గొట్టము అన్ని వైపులకు సమముగా వంగదు. ఒక పార్శ్వమున కాఠిన్య మధికముగా నుండును. ఆ పార్శ్వము వెన్ను. దానిని కనుగొనుటకు గొట్టము మొదలును నున్నని బల్లపై నానించి, కొసను వేళ్లమధ్య వదులుగా పట్టి, రెండవ అఱచేతితో నడుమ నొక్కుచు మెల్లగా దొర్లింపవలెను. అది కొంతదూరము మారుమాటాడక దొర్లి, ఒకచోట ఎదురుతిరిగి, పిదప చటుక్కున తనంతట తాను గిరుక్కున తిరిగి నిలుచును. జడమని తలచిన వస్తువు చేతిక్రింద నట్లు తన యిష్టమును ప్రకటించినప్పుడు కలుగు నాశ్చర్యము నాకు నేటికిని తగ్గలేదు. నేను గొట్టమును వెలుతురున కెత్తి ఇటునటు పరిశీలించుచుండగా అన్న యొకనాడు, “కట్టెను ఎంతసేపు చూసినా ఏమెరుకైతది తమ్మీ? వంచి చూడు, అదే చెప్తది” అనెను.

వెన్ను ఏ దిక్కున నుండవలెనన్న విషయమై కట్టువారిలో వివాదము కలదు. రీలు కఱ్ఱక్రింద వ్రేలాడునట్టి అమరికలో రింగులును క్రిందనే యుండును గావున బరువు పడినప్పుడు కఱ్ఱ మెలిదిరుగదు. రీలు పైన కూర్చుండు అమరికలో రింగులు వంపునకు వెలుపలివైపున నుండుటచే, కఱ్ఱ మెలిదిరిగి తలక్రిందులు కాజూచును. ఈ మెలిని ఆపుటకు వెన్ను నాశ్రయించువారు కొందఱు. వెన్నుబలమున కంతటి సామర్థ్యము లేదనువారు కొందఱు. నేను రెండవపక్షము వాడను. బ్లాంకునకు పుట్టుకతో నొకింత వంకర యుండును. ఆ వంకరను కంటిచూపువెంట తిన్నగా కనబడునట్లు నిలుపుట వెన్నును వెదకుటకంటె ముఖ్యమని నాకు దోచినది. అన్న దీనికి సమ్మతింపడు. ఆయన యంత్రశాలలో పెరిగినవాడు. బలము ఏ దిశలో నున్నదో తెలియక మేకు కూడ దిగగొట్టడు.

ఈ కార్బను గొట్టమునకు పూర్వము లోకమంతటను గాలమునకు శ్రేష్ఠమైనది వెదురు. ఇచట మన యడవులకు సంబంధించిన వృత్తాంతమొకటి కలదు. దానిని తెలిసికొనిన పిమ్మటనే నాకీ యభిరుచి వ్యసనముగా మాఱినది. ఆదిలాబాదు వనములందును, నల్లమలలోను, మధ్యభారతపు మెట్టయడవులందును పెరుగు సాధన వెదురు తక్కిన వెదుళ్లవలె పలుచని గోడలు గలది కాదు. దాని మొదలు తఱచుగా గట్టిగా మూసికొనిపోయియుండును. పోలీసు లాఠీలు దానితో చేయుట కలదు. 19వ శతాబ్దమున భారతీయమైన వెదురు కలకత్తా రేవునుండి ఓడలపై ఇంగ్లండునకును అమెరికాకును పోయెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఈస్టన్ పట్టణవాసియైన శామ్యూల్ ఫిలిప్ అను తుపాకుల పనివాడు 1840ల ప్రాంతమున దానిని నిలువుగా చీల్చి, బద్దలను కోణములుగా చెక్కి, ఒకదాని కొకటి అతికి, నిండు వెదురుకంటె తేలికయు బిగువును గల కఱ్ఱలను చేసెను. 1870లలో మెయిన్ రాష్ట్రపు హైరమ్ లెనార్డు ఆఱు త్రికోణపుబద్దలను యంత్రముతో కోసి, షడ్భుజాకారముగా కూర్చు పద్ధతిని స్థిరపఱచెను. శీతలదేశములలోని ఏటివడ్డున నిలిచి చిన్న చేపను పట్టిన దొరల చేతిలో నంతకాలము వంగుచుండినది మన యడవి గడ్డి. గడ్డియనుట అతిశయోక్తి కాదు; వృక్షశాస్త్రము వెదురును తృణకుటుంబమునందే చేర్చినది.

పిదప 20వ శతాబ్దారంభమునకు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ కొండలలో పెరుగు టాంకిన్ వెదురు, కణుపుల నడుమ దూర మెక్కువయు, తిన్ననిదియు నగుటచే, కలకత్తా వెదురును ప్రక్కకు త్రోసెను. 1950లో అమెరికా చైనాతో వర్తకమును నిషేధింపగా ఆ సరకును నిలిచిపోయెను. అప్పటికే ఆర్థర్ హావల్డు అను శాస్త్రజ్ఞుడు గాజునారతో కఱ్ఱ చేయు విధానమును కనుగొని యుండెను గావున మత్స్యవినోదులకు లోటు గలుగలేదు. ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమానపరిశోధనశాలలో 1960లలో రూపొందిన కార్బను నార 1973 నాటికి గాలపుకఱ్ఱలలోనికి వచ్చెను. విమానపు రెక్కకొఱకు పుట్టిన పదార్థము చెఱువుగట్టునకు చేరుటకు పదేండ్లకంటె నెక్కువ పట్టలేదు.

మన సాధన వెదురు సంగతి యేమైనది? నిజాము ప్రభుత్వకాలమున కాగజ్‌నగరున వెలసిన కాగితపు మిల్లులోనికి ఆదిలాబాదు వెదురు లారీలకొలది పోయెను. 1927 నాటి అటవీచట్టము వెదురును వృక్షముగా లెక్కించుటచే, తన పొలముగట్టున పెంచిన వెదురును నఱికి తరలించుటకును రైతు అనుమతికై తిరుగవలసి వచ్చెను. 2017లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, అడవికి వెలుపల పెరిగిన వెదురును వృక్షముల జాబితానుండి తొలగించిన పిమ్మట నా యిబ్బంది తీఱినది. మేదరి కులమువారు తరతరములుగా నెఱిగిన విద్యకు ఈ చట్టము తొంబదియేండ్లు అడ్డుగా నిలిచెననుట నాకు బాధాకరము. వారి విద్య సామాన్యమైనది కాదు. ఎల్.బి.నగరునుండి నాగార్జునసాగరు రహదారివైపు పోవునప్పుడు నిచ్చెనలు, తడికలు, పందిరిగుంజలు ప్రక్కకు చేర్చి అమ్ము నొక మేదరి వృద్ధుని వద్ద నేను వెదురు కొనుచుందును. నేను దేనికొఱకు కొనుచుంటినో చెప్పినప్పుడు ఆయన బొంగును చేతితో తట్టి, చెవియొగ్గి విని, “పచ్చి బొంగును ఎండల పెడితె పగుల్తది సారూ, నీడకు ఆరనియ్యాలె. మీది తోలు మాత్రం చెక్కొద్దు. బలమంత తోలుకిందనె ఉంటది” అనెను. వెదురు గోడలో నారలు వెలుపలి యంచున దట్టముగాను లోపలికి పోనుపోను పలుచగాను ఉండును. అందుచేతనే బద్దను లోపలివైపుననే చెక్కి, పైతొడుగును ముట్టరాదని బద్దల కఱ్ఱలు కట్టువారు నియమము పెట్టుకొనిరి. వారు ప్రయోగములు చేసి నిర్ణయించిన విషయము బుట్టలల్లు చేతికి సహజముగా తెలిసియున్నది. ఆ చేతికి ఆఱుబద్దల కఱ్ఱ చేయు నవకాశము రాకపోయెను గదా యని నేను తఱచుగా చింతింతును.

కఱ్ఱ ఎట్లు వంగవలెనన్నది కట్టువాని యిష్టమును బట్టి గాక చేప స్వభావమును బట్టి నిర్ణయమగును. తెలంగాణమునకు రాష్ట్రమత్స్యమైన కొర్రమీనును తీసికొందము. అది మొప్పలతో మాత్రమే బ్రతుకునది కాదు. తలలోని గాలియఱవలన నీటిపైకి వచ్చి గ్రుక్కెడు గాలి పీల్చి మరల దిగుచుండును. గుఱ్ఱపుడెక్క నీడలోనో, తామరాకుల క్రిందనో కదలక పొంచియుండి, కప్పగాని చిన్నచేపగాని దాటినంతనే లంఘించి పట్టును. పట్టిన మఱుక్షణమున ఆ తీగల చిక్కులోనికే తలదూర్చును. అందుచే దానికి కట్టు కఱ్ఱ పొట్టిదై, మొదలును నడుమను దృఢమై, కొస జానెడో మూరెడో మాత్రమే వంగునదై యుండవలెను; మెత్తనికఱ్ఱ సావకాశముగా వంగులోపల చేప తీగలలో జొచ్చి దారమును తెంచుకొనును. బొచ్చె వ్యవహారము వేఱు. పెద్దతలయు, మీదికి తెఱచికొను నోరును గల యీ చేప నీటి పైపొరలలోని సూక్ష్మజీవులను వడగట్టి తినుచు, పిండియెఱను దూకుడు లేక మెల్లగా అందుకొనును. అందుకొనిన పిదప తన శరీరభారముతో చెఱువు నడుమకు సుదీర్ఘముగా పరుగిడును. దానికి పొడుగాటికఱ్ఱ కావలెను. కొసనుండి పిడివఱకును విల్లువలె వంగి, ఆ పరుగును కొంచెముకొంచెముగా మ్రింగవలెను. లేనిచో గాలము నోటినుండి జాఱిపోవును. ఒక కఱ్ఱను వంచి చూచి, ఇది కొర్రమీనుకఱ్ఱ, ఇది బొచ్చెకఱ్ఱ యని చెప్పగలిగిననాడు మనము చేపను గూర్చి కొంత నేర్చుకొంటిమని యర్థము. కఱ్ఱలు కట్టక పూర్వము నేను కొర్రమీనును పులుసులో మాత్రమే యెఱుగుదును. మృగశిర ప్రవేశించునాడు నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున బత్తిన కుటుంబమువారు చేపమందుతో మ్రింగించునది ఆ కొర్రమీను పిల్లనే యని తెలిసియు, దాని తల్లిదండ్రులు గూటికడ కాపలా కాయునని తెలియకుండెను.

ఆ కాపలాను గూర్చి యొక మాట చెప్పక విడువజాలను. వానకాలమున కొర్రమీను పిల్లలు నారింజరంగు గుంపుగా నీటిపై కదలుచుండగా, వాని క్రిందనే తల్లిదండ్రులు తిరుగుచు సమీపించిన ప్రతివస్తువును తఱుముచుండును. అప్పుడు పెద్దచేప ఆకలి లేకున్నను గాలమును కఱచును. అట్టి సమయమున దానిని పట్టుట అతిసులభము, అందుచేతనే అతినీచము. పెద్దచేప పోయిన గంటలో పిల్లల గుంపు ఇతరచేపలకు ఆహారమగును. అన్న తాను కఱ్ఱ కట్టి యిచ్చువారితో నీ విషయమున మాట తీసికొనును. మాట యీయనివానికి కఱ్ఱ యీయడు. చెఱువులలో చేపల హక్కు గంగపుత్ర, ముదిరాజుల సహకారసంఘములది గావున, వారి యనుమతి లేక గాలము వేయరాదన్నది రెండవ నియమము. సరూర్‌నగరు చెఱువులో మురుగునీరు చేరుచున్నది. ఆ గట్టుపై మేము కఱ్ఱను విసరి చూచుటయే గాని చేపకొఱకు కూర్చుండము. సాగరు రహదారిపై ఇబ్రహీంపట్నము పెద్దచెఱువు వంటి నీటికడకు పోయినప్పుడే నిజమైన పరీక్ష.

చేపకు తగిన వంపు కుదిరిన పిమ్మట చేతికి తగిన పిడి కుదురవలెను. రీలు కూర్చుండు చోటునుండి కఱ్ఱ మొదలువఱకు గల దూరము ముంజేతి పొడవు ననుసరించి యుండవలెను. మొదలు మోచేతిక్రింద ఒదిగినచో చేప బరువును మణికట్టు ఒంటరిగా మోయక ముంజేయి పంచుకొనును. కీళ్లనొప్పి గలవానికి లావుపిడి, సన్నని వ్రేళ్లుగలవానికి సన్నపిడి. ఇవి కొలబద్దతో తేలునవి. తేలనిది వేఱొకటి కలదు. దానికై అన్న యెదుటివాని చేతికి ఉత్త కఱ్ఱముక్క నిచ్చి కూర్చుండబెట్టి, వాన రాకడను, పిల్లల చదువులను, మఱియేదో విషయమును ముచ్చటించుచుండును. “మాట్లాడుకుంట పట్టుకో తమ్మీ. చెయ్యి సంగతి మరిచినప్పుడు యాడ పట్టుకుంటవో గక్కడనే నీ పిడి” అని నాతో ననెను. మాటల నడుమ వ్రేళ్లు తమంతట తాము చేరుకొను స్థానమునందు సుద్దతో గీత గీయును. పోర్చుగలు ఓకు బెరడునుండి వచ్చు బెండు పిడికి మేలైనది కాని వెల యధికము. చెప్పుల యడుగులకు వాడు ఈవీఏ రబ్బరుపలకను వలయములుగా కోయించి, వరుసగా గ్రుచ్చి, అతికి, తరిణె పట్టినచో పిడి చక్కగా వచ్చును. గుండ్రని ఆకురాయితో లోపలి రంధ్రమును గొట్టము మేరకు విశాలముచేయుట మాత్రము ఓర్పుతో గూడిన పని.

రింగులను నిలుపు స్థానములు కూడ వంపువలననే తెలియును. ఏడడుగుల కఱ్ఱకు అడుగున కొకటి చొప్పునను, అదనముగా నొకటియు వాడుక. మొదటిది పెద్దది, కొసవైపు క్రమముగా చిన్నవి, దగ్గఱదగ్గఱవి. అయితే వాడుక ఆరంభమునకే పనికివచ్చును. పిడిని బల్లకు బిగించి, రింగులను టేపుతో తాత్కాలికముగా అంటించి, గాలపుదారమును వానిగుండ దూర్చి కొసనుండి క్రిందికి లాగినప్పుడు, దారము కఱ్ఱవంపును విడువక వెంటనంటి పోవుచున్నదా, లేక రింగునుండి రింగునకు విఱిగినట్లు అడ్డదారి తీయుచున్నదా యని చూడవలెను. అడ్డదారి తీసినచోట కఱ్ఱ యొక్కచోటనే భారము మోసి యలసిపోవును. రింగును బొటనవ్రేలి వెడల్పున జరిపి, మరల వంచి, మరల జరిపి, దారమును కఱ్ఱయు ఏకమైనట్లు కనబడువఱకు సాయంకాలములు గడచును. ఆ సాయంకాలములకు నేను వెల కట్టజాలను.

పిదప దారము చుట్టుట. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరులలోని మ్యాచింగ్ సెంటర్లలో రవికగుడ్డకు రంగు కలుపు యువకులకంటె రంగుల జ్ఞానము గలవారిని నేనెఱుగను. మగ్గంవర్కునకు వాడు పట్టుదారము అక్కడనే దొరకును. అయితే దుకాణములో కంటికి నచ్చిన రంగు కఱ్ఱపై నిలువదు. ఎపాక్సీ జిగురు తాకినంతనే పట్టు పారదర్శకమై, లేతరంగులు మాయమై, ముదురురంగులు ఇంకను ముదురును. కావున ముందుగా నొకపోగును వార్నీషుబొట్టుతో తడిపి చూచి కొనవలెను. ఎల్.బి.నగరు దాటి విజయవాడ రహదారిపై పోవువారికి పోచంపల్లి మార్గము తగులును. అచట నేతయింట మిగిలిపోయిన, కట్టి అద్దిన పట్టుపోగును తెచ్చి చుట్టినచో, ఆ రంగులు వరుసదప్పక వచ్చి, చీరయంచునందు వలెనే కఱ్ఱపైని మసకయంచుల పట్టెలు దీరును. దీనిని నాకెవ్వరును చెప్పలేదు. చేసి చూచితిని, మిక్కిలి సంతసించితిని.

దారమునకు బిగువు సమముగా నుండుటకు ఖరీదైన యంత్రము లున్నవి. నాకు వానితో పని లేదు. దారపుకండెను టీకప్పులో వేసి, పోగును శబ్దరత్నాకరము పుటల నడుమనుండి దూర్చి లాగినచో, ఆ నిఘంటువు బరువే చాలినంత బిగువు నిచ్చును; చాలదనినచో పైని మఱొక గ్రంథము. రింగుపాదమును ముందుగా ఆకురాయితో వాలుగా అరుగదీయనిచో దారము దానిపై కెక్కక చీలును. మొదటి చుట్టు దారమును తానే త్రొక్కిపట్టవలెను. కడపటి చుట్లక్రింద వేఱొక దారపు ఉచ్చును పఱచి, కొసను దానిలో దూర్చి, ఉచ్చును లాగినచో కొస చుట్లక్రిందికి పోయి మాయమగును. ముడి యెక్కడను ఉండదు. ముడిలేని కట్టు ఇంతబలముగా నుండుట నాకు మొదట నమ్మశక్యము గాలేదు. జిగురు పడిన పిమ్మట దానిని విడదీయుటకు కత్తి కావలసినది.

జిగురు రెండుసీసాలది, రెండును సమభాగములుగా కలిపి, బుడగలు లేకుండ మెల్లగా త్రిప్పవలెను. మే మాసపు వేడిలో నది కొలది నిముషములకే చిక్కబడును. వానకాలపు తేమకు పైపొర మసకబాఱును. కావున భాగ్యనగరమున నీ పనికి మాఘఫాల్గునములు శ్రేష్ఠములు. పూసిన జిగురు ఒకవైపునకు జాఱకుండుటకు ఆఱువఱకు కఱ్ఱ తిరుగుచునే యుండవలెను. చెడిన మైక్రోవేవ్ పొయ్యిలోని పళ్లెమును త్రిప్పు చిన్న మోటారు నిమిషమునకు ఐదాఱు చుట్లు తిరుగును గావున సరిపోవును. మరమ్మతు దుకాణములో నది సులభముగా లభించును. పంకా ఆపి, కిటికీలు మూసి, ప్రధానరహదారి ధూళి లోనికి రానీయక, రాత్రి యంతయు దానిని తిరుగనీయవలెను.

ఇంత శ్రద్ధ గాలమునకేల యని యడుగువారికి నేను మూడవ సోమేశ్వరుని చూపుదును. కల్యాణి రాజధానిగా 1126 మొదలు 1138 వఱకు నేలిన ఆ పశ్చిమచాళుక్య చక్రవర్తి తన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణమునే రచించి, చేపల జాతులను, వానికి మేపవలసిన ఆహారములను, గాలము వేయు విధానమును వర్ణించెను. రాజకార్యములును, వైద్యమును, సంగీతమును, పాకశాస్త్రమును చెప్పిన గ్రంథమునందే గాలమునకును స్థానము దొరికినది. మన భువనగిరి ప్రాంతపు కొలనుపాక ఆ చాళుక్యులకు ప్రముఖస్థానమగుటచే, ఆ రాజు మనకు పరాయివాడు కాడు. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఆ ప్రకరణమును పరిశీలించి దానిలోని చేపలను గుర్తింప యత్నించెను. సోమేశ్వరునికి ఏడున్నర శతాబ్దముల పిమ్మట మదరాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలమును గూర్చియు, 1887లో ప్రత్యేకముగా చెఱువులలోని గాలమును గూర్చియు గ్రంథములు వ్రాసెను. సోమేశ్వరుని గ్రంథము రాజులకు, థామస్ గ్రంథములు దొరలకు. చెఱువుగట్టున తరములుగా వెదురు పట్టుకొని కూర్చున్న బెస్తవారు మాత్రము తాము నేర్చినది వ్రాసికొనలేదు; వారి విద్య యంతయు చేతులలోనే యున్నది, ఆ చేతులు గట్టునుండి తొలగిపోవుచున్నవి. అది నాకు నిద్రపట్టనీయని చింత. అందుచేతనే యిబ్రహీంపట్నము వైపు పోయినప్పుడెల్ల నేను గాలమును ప్రక్కన బెట్టి, అచటి పెద్దలను ప్రశ్నలడిగి, బెండు ఎంత లోతున కట్టుదురో, గాలపుకఱ్ఱకు వెదురును ఏ మాసమున కొట్టుదురో, పుస్తకములో వ్రాసికొనుచున్నాను.

ఇప్పుడు నా బల్లపై సాధన వెదురు బద్దలు ఆఱు, దారముతో బిగింపబడి, ఆఱుచున్నవి. మేదరి వృద్ధుడు చెప్పినట్లు నీడకు నెలలకొలది ఎండబెట్టి, చీల్చి, కణుపులను నిప్పుసెగపై తిన్నగా నొత్తి, ఒక్కొక్కబద్దను అఱువది అంశల కోణమున చిత్రికపట్టి కూర్చితిని. కణుపులు ఆఱు బద్దలలోను ఒకేచోట పడకుండునట్లు ముందువెనుకలుగా జరుపుటకు పొడుగు కొంత పోయినది. టాంకిన్ వెదురుతో పోల్చినచో మన వెదురునకు కణుపులు దగ్గఱ. అందుచే పని యెక్కువ, అయినను బిగువునకు లోపము లేదని వంచి చూచినప్పుడు తెలిసినది. కొస కొర్రమీనునకు తగినట్లు పొట్టివంపునకే వచ్చినది. ఇది ఆ వృద్ధునికొఱకే. ఆయనకు బాల్యమున మూసీలో గాలము వేసిన జ్ఞాపకమున్నదట. నా కఱ్ఱను చూడవలెనని కోరినాడు. రింగులు తెచ్చితిని, ఎఱ్ఱపట్టుదారము తెచ్చితిని. పిడి పొడవు మాత్రము ఇంకను నిర్ణయింపలేదు. కుడిమోచేయి పూర్తిగా చాపలేకున్నాడు గావున, వచ్చు ఆదివారము దుకాణమునకు పోయి, ఒక కఱ్ఱముక్కను ఆయన చేతి కిచ్చి, వెదురుధరలను గూర్చి మాటాడించి, వ్రేళ్లెక్కడ నిలుచునో చూడవలెను.